సనదు పక్కన పెట్టి, పరపతి చేతబట్టి

వకీలు వ్యాపారం చెయ్యకూడదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో 47వది ఈ మాట సూటిగా చెబుతుంది. పెట్టుబడి పెట్టి పెత్తనానికి దూరంగా ఉండే భాగస్వామి కావచ్చు గానీ, అదీ ఆ వ్యాపారం వృత్తి గౌరవానికి భంగం కాదని రాష్ట్ర బార్ కౌన్సిల్ అనుకుంటేనే. 48వ నియమం ప్రకారం కంపెనీ బోర్డులో కూర్చోవచ్చు, రోజువారీ నిర్వహణలో వేలు పెట్టకూడదు, మేనేజింగ్ డైరెక్టరు అసలే కాకూడదు. అందుకని ఏ న్యాయవాది అయినా సొంతంగా టెక్నాలజీ కంపెనీ పెట్టి నడపాలంటే బార్ కౌన్సిల్‌కు దరఖాస్తు పెట్టుకుని, వకాలతు చేసే అనుమతి పత్రమైన సనదును సస్పెండ్ చేయించుకోవాలి. చాలామంది ఆ పని నిజాయితీగానే చేస్తారు. తప్పు పట్టవలసింది ఆ తర్వాత జరిగేదాన్ని.

సనదు బీరువాలోకి పోతుంది. ‘మేం వకీళ్లం’ అన్న మాట మాత్రం కంపెనీ ప్రచారంలో పెద్దక్షరాలతో మిగులుతుంది. వకీళ్లు, వకీళ్ల కోసం తయారు చేసిన సాధనం అంటారు. కోర్టు హాల్లో నలిగినవాళ్లం కాబట్టి మీ కష్టం మాకు తెలుసంటారు. అదే కంపెనీ షరతుల పత్రం చివరిదాకా ఓపిగ్గా చదివితే స్వరం మారిపోతుంది. మాది న్యాయ సలహా కాదు, మాకూ మీకూ వకీలు-కక్షిదారు సంబంధం లేదు, ఇచ్చిన సమాచారంలో తప్పులుంటే పూచీ మాది కాదు, నష్టపరిహారం అడిగితే మీరు కట్టిన చందా మించి రాదు. ఈ రంగంలో దాదాపు ప్రతి కంపెనీ పత్రమూ ఈ అచ్చులోనే ఉంటుంది. అమ్మేటప్పుడు వకీలు, అడిగేటప్పుడు కాదు.

దీని వెనక చట్టపరమైన వెసులుబాటు చిన్నది కాదు. వకీలు తప్పు చేస్తే అడ్వొకేట్స్ చట్టం, 1961లోని 35వ సెక్షన్ కింద బార్ కౌన్సిల్ విచారించవచ్చు, మందలించవచ్చు, రోల్ నుంచి పేరు కొట్టెయ్యవచ్చు. కంపెనీ పేరు ఆ రోల్‌లో ఉండదు కాబట్టి ఆ సెక్షన్ దాన్ని తాకదు. పోనీ వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామా? 2024 మే 14న సుప్రీంకోర్టు న్యాయవాద వృత్తి వినియోగదారుల రక్షణ చట్టం పరిధిలోకి రాదని తేల్చింది. ఆ వృత్తి వ్యాపారం కాదు, దాని తీరు వేరు అన్నది ఆ తీర్పు సారం. ఆ మినహాయింపు వకీలుకు దక్కింది సరే. వకీలు కాదని తానే రాసిచ్చిన కంపెనీకి అది దక్కకూడదు. కానీ షరతుల పత్రం ముందే గడియ పెట్టేసింది. వృత్తికి ఉన్న జవాబుదారీ ఒకవైపు తప్పింది, వ్యాపారానికి ఉన్న జవాబుదారీ రెండోవైపు తప్పింది. ఈ గోడ మీద పిల్లులను దింపాల్సింది ఎవరు?

టెక్నాలజీ మీద పగతో రాస్తున్న మాటలు కావివి. మొఫసిల్ కోర్టుల్లో కాలం గడిపిన ఎవరికైనా ఆ అవసరం విడమరచి చెప్పనక్కర్లేదు. బార్ అసోసియేషన్ లైబ్రరీలో ఏఎల్‌టీ, ఏఎల్‌డీ లా రిపోర్టుల బైండు వాల్యూములు వరసగా ఉంటాయి. కావలసిన సంవత్సరం సంపుటం మాత్రం ఎప్పుడూ ఎవరో సీనియర్ ఇంట్లో ఉంటుంది. జూనియర్ సైటేషన్ కాగితం మీద రాసుకుని జిల్లా కేంద్రానికి బస్సెక్కిన రోజులు పాతబడలేదు. గుమాస్తా డైరీలో వాయిదా తేదీ తప్పు రాస్తే దావా డిఫాల్టు కింద కొట్టేసిన సందర్భాలు ప్రతి కోర్టు సముదాయంలోనూ కథలుగా వినిపిస్తాయి. ఈ కష్టాలను కంప్యూటర్ తీర్చగలదు. కొంత తీర్చింది కూడా. ఎవరు తీర్చారన్నది చూస్తేనే ఈ రంగం సంగతి తేటతెల్లమవుతుంది.

తీర్పుల వ్యాపారం మనకు కొత్తేమీ కాదు. నాగపూర్‌లో న్యాయవాది వి.వి. చితాలే ‘ఆల్ ఇండియా రిపోర్టర్’ను మొదలుపెట్టారు, దాని మొదటి సంపుటం 1914 నాటిది. లక్నో నుంచి ‘సుప్రీంకోర్టు కేసెస్’ 1969లో మొదలైంది. తీర్పును సేకరించి, హెడ్‌నోట్ రాసి, సూచిక కట్టి అచ్చువేయడంలో చెమట ఉంది, చదువు ఉంది. న్యాయశాస్త్ర గ్రంథాలకు జీతం మీద సంపాదకత్వం చెయ్యడానికి బార్ కౌన్సిల్ 51వ నియమం వకీలుకు అనుమతి కూడా ఇచ్చింది. అంతవరకూ పేచీ లేదు. పేచీ మొదలైంది ఆ తీర్పు మొత్తం మాదే అన్నప్పుడు.

ఈస్టర్న్ బుక్ కంపెనీ, డి.బి. మోదక్ వ్యాజ్యం ఇప్పటికీ ప్రతి లా విద్యార్థీ చదువుతాడు. తమ రిపోర్టులోని తీర్పులను సీడీల్లోకి ఎక్కించి అమ్ముతున్నారని ప్రచురణకర్తలు కోర్టుకెక్కారు. 2007 డిసెంబరు 12న సుప్రీంకోర్టు గీత గీసింది. తీర్పు పాఠం ప్రజలది, దాన్ని ఎవరైనా అచ్చువేసుకోవచ్చు. హెడ్‌నోట్లు, పేరాలు విడగొట్టి అంకెలు వెయ్యడం, ఏ న్యాయమూర్తి ఏకీభవించారో ఎవరు విభేదించారో గుర్తించి చూపడం వంటివి మాత్రం సంపాదకుడి నైపుణ్యం, వాటి మీద హక్కు ఆయనది. కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ కూడా కోర్టు నిషేధించని తీర్పును పునర్ముద్రించడం కాపీరైట్ ఉల్లంఘన కాదని ముందునుంచీ చెబుతోంది. రాసింది జడ్జి, జీతం ఇచ్చింది జనం. ఆ మాట ఖాయం కావడానికి 21వ శతాబ్దం రావలసి వచ్చింది.

ఆ తీర్పు వచ్చిన నెల తిరక్కుండానే, 2008 జనవరిలో ‘ఇండియన్ కానూన్’ మొదలైంది. సుప్రీంకోర్టు, హైకోర్టుల తీర్పులను ఎవరైనా డబ్బు కట్టకుండా వెతికి చదువుకునే ఏర్పాటు. ఈ రోజు తెనాలిలో గానీ నిర్మల్‌లో గానీ ఒక జూనియర్ కోర్టు వరండాలో నిలబడి ఫోన్‌లో సైటేషన్ వెతుకుతున్నాడంటే, నూటికి తొంభై పాళ్లు దాన్నే తెరిచి ఉంటాడు. దాన్ని కట్టిన సుశాంత్ సిన్హా వకీలు కాదు. అమెరికాలో కంప్యూటర్ సైన్స్‌లో పరిశోధన చేస్తూ, తీర్పులకూ చట్టం సెక్షన్లకూ లంకె వెయ్యవచ్చని గ్రహించిన ఇంజినీరు. మన న్యాయవాదులకు అత్యధికంగా ఉపయోగపడిన సాధనాన్ని బయటివాడు ఉచితంగా పెట్టాడు. ఆ తర్వాత పదిహేనేళ్లకు, 2023 జనవరి 2న సుప్రీంకోర్టే సుమారు 34,000 తీర్పులతో ఈ-ఎస్‌సీఆర్ తెరిచింది. ఈ రెంటి మధ్య కాలంలో వకీళ్లు పెట్టిన కంపెనీల వార్షిక చందా మాత్రం మొఫసిల్ జూనియర్ నెల రాబడికి అందే రకం కాదు. జూనియర్‌కు చాలాచోట్ల నెల రాబడి అంటూ ఉంటే కదా అన్నది వేరే సంపాదకీయం.

ఇప్పుడు అదే కథ కృత్రిమ మేధతో రెండో అంకంలోకి వచ్చింది, పందెం పెరిగింది. 2023 జూన్‌లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు ఏవియాంకా విమానయాన సంస్థ మీద వేసిన ఒక వ్యాజ్యంలో ఇద్దరు న్యాయవాదులకూ వాళ్ల సంస్థకూ కలిపి 5,000 డాలర్ల జరిమానా విధించింది. చాట్‌జీపీటీ పుట్టించిన, ఎక్కడా లేని తీర్పులను వాళ్లు కోర్టుకు సమర్పించారు. అది మొదలు. బెంగళూరులో ఆదాయపన్ను అప్పిలేట్ ట్రిబ్యునల్ 2024 డిసెంబరులో ఇచ్చిన ఒక ఉత్తర్వులో లేని తీర్పులు కనిపించడంతో దాన్ని వెనక్కి తీసుకోవలసి వచ్చింది. మన విజయవాడలో ఒక జూనియర్ సివిల్ జడ్జి కోర్టు ఉత్తర్వులో ఉదహరించిన నాలుగు తీర్పులు గాలిలోంచి వచ్చినవని ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో తేలింది. ఏఐ సాధనాన్ని మొదటిసారి వాడానని, అవి నిజమని నమ్మానని న్యాయాధికారి వివరణ ఇచ్చుకున్నారు. సూత్రం సరైనదే కదా అని హైకోర్టు ఆ ఉత్తర్వును నిలబెట్టినా, సుప్రీంకోర్టు దాన్ని తేలిగ్గా తీసుకోలేదు. లేని తీర్పుల మీద నిలబెట్టిన నిర్ణయం పొరపాటు కాదు, దుష్ప్రవర్తన అంది.

అవి సామాన్య వాడకపు సాధనాలు, మావి వకీళ్లు కట్టినవి, మాలో ఇలాంటివి జరగవు అన్నది ఈ రంగం జవాబు. ఈ ధీమాకు కొలత దొరికింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2024లో న్యాయ పరిశోధన కోసమే తయారైన పేరుమోసిన సాధనాలను పరీక్షించారు. లెక్సిస్ సాధనం ఆరు ప్రశ్నల్లో ఒకదానికి పైగా, వెస్ట్‌లా సాధనం మూడింట ఒకదానికి తప్పుడు సమాధానాలు ఇచ్చాయి. లేని తీర్పును సృష్టించడం ఒక్కటే కాదు తప్పంటే. ఉన్న తీర్పులో లేని మాట ఉందని చెప్పడం ఇంకా ప్రమాదం, ఎందుకంటే సైటేషన్ వెతికితే దొరుకుతుంది, తెరిచి పేరా పేరా చదివితే తప్ప మోసం బయటపడదు. వాయిదా ఉదయం పది గంటలకు ఉన్నవాడు పేరా పేరా చదువుతాడా? చదవడని తెలిసే కదా ‘గంటల పని నిమిషాల్లో’ అని అమ్ముతున్నారు.

తప్పు దొరికినప్పుడు కోర్టు ఎవరిని నిలబెడుతుంది? వకాలత్నామా మీద సంతకం చేసిన మనిషిని. నిలబెట్టడం న్యాయమే, సంతకం పెట్టినవాడు చదవాలి. అతని చేతికి సాధనాన్ని ఇచ్చి ‘నమ్మదగ్గది’ అని చెప్పినవాడు మాత్రం ఆ హాల్లో ఎక్కడా కనిపించడు. మందుల కంపెనీకి, లిఫ్టు తయారీదారుకు, ప్రెషర్ కుక్కర్ అమ్మేవాడికి ఉన్న బాధ్యత చట్టం తెలిసిన వకీలు పెట్టిన కంపెనీకి లేదు. తెలిసినవాడు కాబట్టే లేదేమో. షరతుల పత్రాన్ని ఇంత పకడ్బందీగా రాయడం ఇంజినీరుకు చేతనవుతుందా!

డబ్బు ఎటు ప్రవహిస్తోందో చూస్తే ఉద్దేశాలు తెలుస్తాయి. అమెరికాలో జేక్ హెల్లర్ అనే న్యాయవాది 2013లో పెట్టిన కేస్‌టెక్స్ట్ తీర్పులను జనమే వ్యాఖ్యానించుకునే బహిరంగ వేదికగా మొదలైంది. పదేళ్లకు, 2023లో, వెస్ట్‌లా సొంతదారు థామ్సన్ రాయిటర్స్ దాన్ని 65 కోట్ల డాలర్లకు కొనేసింది. జనం వేదిక జనానికి చందా కట్టించే సంస్థ జేబులో చేరింది. 2022లో మొదలైన న్యాయ ఏఐ కంపెనీ హార్వీ స్థాపకుల్లో ఒకరు పెద్ద లా ఫర్మ్‌లో పనిచేసి వచ్చిన న్యాయవాది. దాని విలువను మూడేళ్లలోనే వందల కోట్ల డాలర్లలో కట్టారు. కొనేవాళ్లు పెద్ద లా ఫర్మ్‌లు, కార్పొరేట్ల న్యాయ విభాగాలు. మన బెంగళూరు, ముంబై, గురుగ్రామ్ కంపెనీలదీ అదే బాట. ఒప్పందాల నిర్వహణ, డ్యూ డిలిజెన్స్, కంప్లయెన్స్ డ్యాష్‌బోర్డు. కొనగలిగినవాడికి కావలసినవే తయారవుతాయి, అందులో ఆశ్చర్యం లేదు. ‘న్యాయాన్ని అందరికీ చేరుస్తున్నాం’ అన్న నినాదాన్ని పెట్టుబడిదారుల ముందు పెట్టుకుని ఈ పని చెయ్యడంలోనే అభ్యంతరం.

మన జైళ్లలో ఉన్న ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు విచారణ ఖైదీలు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, మరణశిక్ష, యావజ్జీవం వంటి కేసులు కాకపోతే, ఇంతకు ముందు ఏ నేరంలోనూ దోషిగా తేలనివాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు, మిగతావాళ్లు సగం కాలం లోపల గడిపితే విడుదలకు అర్హులు. అర్హత వచ్చిన వెంటనే కోర్టుకు రాయవలసిన బాధ్యతను జైలు సూపరింటెండెంట్ మీద పెట్టారు. ఎవరు ఏ తేదీన లోపలికి వచ్చారు, సెక్షన్ ఏది, దానికి గరిష్ఠ శిక్ష ఎంత, ఇంకా వేరే కేసులున్నాయా. దీనికి కృత్రిమ మేధ అక్కర్లేదు. తేదీలు కూడితే చాలు. క్రిమినల్ కోర్టు తెలిసిన ఒక వకీలూ ఓ ఇంజినీరూ కూర్చుంటే కొద్ది వారాల పని. దీని మీద పెట్టుబడి పెట్టే నిధులు బారులు తీరవు, ఎందుకంటే ఇక్కడ చందా కట్టేవాడు లేడు.

భాష సంగతీ అంతే. మన కింది కోర్టుల్లో వాంగ్మూలాలు తెలుగులో, పంచనామాలు తెలుగులో, ఎఫ్‌ఐఆర్‌లు హెడ్ కానిస్టేబుల్ చేతిరాతలో, భూమి దస్తావేజులు మూడు తరాల కిందటి పట్వారీ గొలుసుకట్టులో. కేసు గెలుపోటములు ఈ కాగితాల్లో ఉంటాయి. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఒక ఆస్తి తగాదాలో తెలుగులో తీర్పు వెలువరిస్తే అది పతాక వార్త అయింది, అంత అరుదు. సుప్రీంకోర్టు 2019లోనే తీర్పుల అనువాదానికి ‘సువాస్’ తెచ్చింది, ప్రభుత్వ ఖర్చుతో. ప్రైవేటు కంపెనీల సాధనాలు మాత్రం ఇంగ్లిష్‌లో ఉన్న హైకోర్టు, సుప్రీంకోర్టు తీర్పుల చుట్టూనే తిరుగుతున్నాయి. దావా ఉన్నది ఒకచోట, దీపం ఇంకోచోట.

ఇంతవరకూ చెప్పింది అందకపోవడం గురించి. అందినచోట ఏం జరుగుతోందో చూస్తే అందకపోవడమే మేలనిపిస్తుంది. ఆన్‌లైన్ వివాద పరిష్కార వేదికల విషయం ఇది. నీతి ఆయోగ్ 2021 నవంబరులో విడుదల చేసిన నివేదిక ఈ వేదికలను ఆకాశానికెత్తింది. కోర్టుల్లో 5 కోట్లకు పైగా కేసులు మూలుగుతున్నాయి కాబట్టి చిన్న తగాదాలు ఫోన్‌లో తేలిపోతే మంచిదే కదా అని ఎవరైనా అంటారు. ఆ వేదికల్లో చాలావాటిని పెట్టింది న్యాయవాదులే. వాటి పెద్ద ఖాతాదారులు బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు.

ఆదోనిలో ఆటో కొనుక్కోవడానికి ఫైనాన్స్ కంపెనీలో అప్పు చేసిన మనిషిని ఊహించుకోండి. నాలుగు వాయిదాలు తప్పాడు. ఒక రోజు వాట్సాప్‌లో ఇంగ్లిష్ పీడీఎఫ్ వస్తుంది. మీ అప్పు ఒప్పందంలోని ఫలానా క్లాజు కింద ఫలానా వేదిక ఒక ఆర్బిట్రేటర్‌ను నియమించింది, ఏడు రోజుల్లో జవాబివ్వండి, ఫలానా తేదీ ఫలానా గంటకు ఈ లింకు నొక్కండి. ఆర్బిట్రేషన్ సీటు, అంటే చట్టరీత్యా దాని చోటు, చెన్నై. అతను దాన్ని రికవరీ ఏజెంటు బెదిరింపు అనుకుంటాడు, లేదా సైబర్ మోసమనుకుంటాడు. తెలియని లింకు నొక్కొద్దని పోలీసులే రోజూ చెబుతున్నారాయె. తేదీ గడుస్తుంది. అతను లేకుండానే ఎక్స్‌పార్టీ అవార్డు వస్తుంది. ఆర్బిట్రేషన్ చట్టం 36వ సెక్షన్ ప్రకారం అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం. అంతకు ముందే 17వ సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు తెచ్చి బండిని ఎత్తుకెళ్లి ఉంటారు. సవాలు చెయ్యాలంటే 34వ సెక్షన్ కింద మూడు నెలల గడువు, కారణం చూపిస్తే ఇంకో 30 రోజులు, అంతే. అదీ చెన్నైలో. ఆటో విలువ కంటే ఆ ఖర్చే ఎక్కువ.

ఒకప్పుడు ఈ ఆర్బిట్రేటర్‌ను ఫైనాన్స్ కంపెనీయే నియమించుకునేది. ఫలితంతో ప్రయోజనం ముడిపడిన పక్షం ఏకైక ఆర్బిట్రేటర్‌ను నియమించరాదని 2019 నవంబరులో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పాక ఆ దారి మూసుకుపోయింది. 2024 నవంబరులో అయిదుగురు సభ్యుల రాజ్యాంగ ధర్మాసనం కూడా, ప్రభుత్వ కాంట్రాక్టుల సందర్భంలో, ఏకపక్ష నియామకం సమానత్వ సూత్రానికే విరుద్ధమంది. ఇప్పుడు నియామకం వేదిక చేస్తోంది. కాగితం మీద వేదిక మూడో మనిషి. ఆ వేదికకు వేల కేసులు తెచ్చిపెట్టేదీ, ఫీజు కట్టేదీ ఒకే పక్షం. గత మూడేళ్లలో ఒకే పక్షం రెండుసార్లో ఎక్కువసార్లో నియమించిన ఆర్బిట్రేటర్ నిష్పక్షపాతం మీద అనుమానం సహేతుకమేనని చట్టం అయిదో షెడ్యూలు చెబుతుంది. మధ్యలో వేదిక దూరాక నియమించింది పక్షం కాదు కదా అని లెక్క సరిచేస్తున్నారు. ఆర్బిట్రేటర్ తన చేతిలో ఎన్ని కేసులున్నాయో వెల్లడించాలని ఆరో షెడ్యూలు నమూనా ఇచ్చింది. ఆ కాగితం ఆదోని మనిషికి చేరినా, అది ఇంగ్లిష్‌లో ఉన్న మరో పీడీఎఫ్.

ఈ ఎత్తు ఇంజినీరు బుర్రలో పుట్టదు. 12వ సెక్షన్, అయిదో షెడ్యూలు, పెర్కిన్స్ తీర్పు చదివిన బుర్రలోనే పుడుతుంది. లోపం ఎక్కడుందో తెలిసినవాడు ఆ లోపాన్ని కోర్టు ముందు పెట్టి వాదించాలని వృత్తిధర్మం. ఆ లోపం మీదే దుకాణం తెరవడం ఏ ధర్మం? వకీలుకు కోర్టు పట్ల బాధ్యత ఉంది. తన కక్షిదారు పట్ల మాత్రమే కాదు, ఎదుటి పక్షం పట్ల కూడా పాటించవలసిన నియమాలు ఉన్నాయి. సనదుతో పాటు అవన్నీ బీరువాలో పెట్టేశారు.

మరి బార్ కౌన్సిల్ ఏం చేస్తోంది? 2024 జులై 3న మద్రాసు హైకోర్టు, వకీళ్ల పేర్లు, రేట్లు, రేటింగులతో జాబితాలు పెట్టే వాణిజ్య వేదికల మీద చర్య తీసుకోమని ఆదేశించింది. ప్రకటనలు, కేసుల వేట కూడదన్న 36వ నియమానికి అవి తూట్లు పొడుస్తున్నాయన్నది న్యాయస్థానం అభిప్రాయం. ఆ మాట సబబే. బార్ కౌన్సిల్ వెంటనే రాష్ట్ర కౌన్సిళ్లకు ఉత్తరాలు రాసింది, ఆ వేదికల్లో పేరు పెట్టుకున్న చిన్న వకీళ్లను హెచ్చరించింది. ఊళ్లో వకీలు బోర్డు సైజు పెద్దదైతే నోటీసు ఇచ్చే సంస్థ, వేల ఎక్స్‌పార్టీ అవార్డులు పుట్టించే యంత్రాన్ని న్యాయవాదులే నడుపుతుంటే చూడనట్టుంది. వకీలు కానివాడితో ఫీజు పంచుకోరాదన్న నియమం పుస్తకంలో ఉంది. వేదికలు ప్యానెల్ వకీళ్లకు ఇచ్చేదానిలో తమ వాటాను ‘సాంకేతిక సేవల రుసుము’ అంటే ఆ నియమం వర్తించదా అని అడిగినవాళ్లు లేరు.

అందరినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. బెంగళూరులో న్యాయవాది హరీశ్ నరసప్ప తదితరులు 2008లో మొదలుపెట్టిన ‘దక్ష్’ కేసులు ఎక్కడ, ఎందుకు ఆగుతున్నాయో లెక్కలు తీసి అందరి ముందూ పెట్టింది. లాభాపేక్ష లేని సంస్థ. అమెరికాలో దివాలా కేసుల న్యాయవాది జొనాథన్ పెట్స్ మరికొందరితో కలిసి పెట్టిన అప్‌సాల్వ్, అప్పుల్లో మునిగిన పేదలు దివాలా పిటిషన్‌ను తామే పైసా ఖర్చు లేకుండా వేసుకునే సాఫ్ట్‌వేర్ ఇచ్చింది. అప్పిచ్చినవాడి కోసం కాదు, అప్పు తీసుకున్నవాడి కోసం. అదే చదువు, అదే కంప్యూటర్. ఎవరి పక్కన కూర్చున్నారన్నదే తేడా. ఇలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టే స్థితి వృత్తికి సిగ్గుచేటు.

చెయ్యగలిగినవి ఉన్నాయి, వాటికి పార్లమెంటు దాకా పోనక్కర్లేదు. అడ్వొకేట్స్ చట్టం 49వ సెక్షన్ కింద నియమాలు చేసే అధికారం బార్ కౌన్సిల్‌కు ఇప్పటికే ఉంది. సనదు సస్పెండ్ చేయించుకుని న్యాయసేవల కంపెనీ నడిపేవాడు ‘న్యాయవాది’ అన్న హోదాను ప్రచారంలో వాడకూడదని ఒక్క నియమం రాస్తే సగం మాయ తొలగుతుంది. వాడుకోవాలని ఉంటే వృత్తి నియమాలకు లోబడతానని రాసివ్వాలి. ఆర్బిట్రేషన్ వేదిక ఏ ఖాతాదారు నుంచి ఎన్ని కేసులు తీసుకుంది, వాటిలో ఎన్ని ఎక్స్‌పార్టీగా ముగిశాయి, అప్పు తీసుకున్నవాడు ఎన్నింట గెలిచాడు, ఈ లెక్కలు ఏటా బయటపెట్టకపోతే ఆ అవార్డులను అమలు పిటిషన్ (ఈపీ) దశలో అనుమానంతోనే చూస్తామని హైకోర్టులు అనవచ్చు. నోటీసు అప్పుదారు భాషలో లేకపోతే చెల్లదనడానికి కొత్త న్యాయసూత్రం అక్కర్లేదు. నోటీసంటేనే తెలియజెయ్యడం.

కోర్టులు కొనుగోలుదారులు కూడా. ఈ సంగతి మరిచిపోతున్నాం. 2023 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఈ-కోర్టుల మూడో దశ ఖర్చు 7,210 కోట్ల రూపాయలు. అందులో కృత్రిమ మేధ, బ్లాక్‌చెయిన్ వంటి కొత్త సాంకేతికతకు 53.57 కోట్లు కేటాయించారు. రాజ్యాంగ ధర్మాసనం వాదనలను యంత్రంతో అక్షరబద్ధం చెయ్యడం 2023 ఫిబ్రవరిలోనే మొదలైంది, ఒక బెంగళూరు కంపెనీ సాయంతో. కేరళ హైకోర్టు 2025 జులైలో జిల్లా న్యాయవ్యవస్థకు ఏఐ విధానం ప్రకటించి, తీర్పులో దాని ప్రమేయం ఉండకూడదనీ ఆమోదించిన సాధనాలే వాడాలనీ కట్టడి చేసింది. అమరావతి, హైదరాబాద్ హైకోర్టులకు ఈ దారి పట్టడానికి విజయవాడ ఉదంతం కంటే గట్టి కారణం ఏం కావాలి? సాధనం కొనేటప్పుడు టెండరు పత్రంలో మూడు షరతులు రాయించవచ్చు. తప్పు సైటేషన్‌కు అమ్మినవాడు కూడా పూచీపడాలి. తెలుగు వాంగ్మూలాల మీద పరీక్షించి ఫలితం బహిరంగంగా పెట్టాలి. కోర్టు ఇచ్చిన దస్త్రాలతో నేర్చుకున్న సాధనాన్ని జిల్లా బార్ లైబ్రరీలకు ఉచితంగా ఇవ్వాలి. ఒప్పుకోని కంపెనీ టెండరు వెయ్యదు. దాని స్థాపకుడు మంచి వకీలే అయివుంటాడు కాబట్టి, ఒప్పుకోకపోవడానికి కారణాలు కూడా లిఖితపూర్వకంగా అడిగి ఆ కాగితాన్ని ఫైలులో ఉంచాలి.